ఎదురుకుర్చీ

ఆ గదిలో నాకు ముందుగా నచ్చనిది టిష్యూ పెట్టె. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. పైన ఒక కాగితాన్ని సగం బయటికి లాగి ఉంచారు. నా ఎదురుగా కూర్చుని ఏడ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఏడుపుకి ముందే ఏర్పాట్లు చేసి పెట్టుకున్న మనిషిని చూడటం అదే మొదలు.

"మంచినీళ్ళు తాగుతారా మేడమ్?" అన్నాడాయన.

ఆయన ఆ కోల్డ్ స్టోరేజి కంపెనీకి హెచ్చార్ హెడ్. మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకోవడం, ఉంచుకోవడం, పంపేయడం, అన్నీ ఆయన చేతిలోనే. చాటుగా అందరూ మెత్తనాయన అంటారని పైకి వచ్చేలోపే నా చెవిన పడింది. పెట్టినవాడెవడో గానీ పేరు అచ్చంగా అతికినట్టు పెట్టాడు. గొంతు మెత్తన, నడక మెత్తన, ఆఖరికి ఆయన తలుపు వేసినా చప్పుడు కాలేదు.

"వద్దండీ. మీ షిఫ్ట్ సూపర్‌వైజర్ ఎక్కడున్నాడో చెప్పండి, నా దాహం దాంతోనే తీరుతుంది."

"అతను రాజీనామా చేశాడు మేడమ్. గురువారం. మాకు చాలా బాధనిపించింది." బాధ అన్నప్పుడు చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "వేరే ఊళ్ళో అవకాశం వచ్చిందన్నాడు. మనుషుల్ని కట్టేసి ఉంచుకోలేం కదా."

"మీ చేతికే ఇచ్చాడా?"

"నా చేతికే."

"ఇస్తూ ఏమన్నాడు?"

"అన్నిటికీ థాంక్స్ సార్ అన్నాడు."

"ఆ ఒక్క ముక్క అనడానికి ఎన్నిసార్లు నత్తి కొట్టాడు?"

ఆయన మొదటిసారి ఆగాడు. "మామూలుగానే. పాపం, అతనికి కొంచెం ఆ ఇబ్బంది ఉంది."

"ఆ ఇబ్బంది మీ ముందే ఉంది. వాళ్ళింట్లో లేదు," అన్నాను.

అది వాళ్ళక్క చెప్పిన సంగతి. ఆ ఉదయం ఆవిడ నా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి కూర్చోగానే ముందు నా పళ్ళు చూసింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పని ఆవిడది, అలవాటు ఎక్కడికి పోతుంది. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. పెళ్ళి మాట ఎవరెత్తినా, ముందు మా చిన్నోడు ఒక ఇంటివాడు కావాలి అని దాటేస్తూ వచ్చిన మనిషి. ఆ చిన్నోడు గురువారం డ్యూటీకి వెళ్ళి ఇంటికి రాలేదు. రాత్రికి ఫోన్ చేసి, వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది, నన్ను వెతకొద్దు అన్నాడు. అంతే, అప్పటినుంచి ఆ ఫోన్ మూగబోయింది. ఇది జరిగి ఐదు రోజులు.

"గొంతు వాడిదే మేడమ్," అంది. "కానీ మాటమాటకీ నత్తి. వాడికి నత్తి పెద్దవాళ్ళ ముందే వస్తుంది. బళ్ళో హెడ్‌మాస్టరు ముందు వచ్చేది, ఇప్పుడు ఆఫీసరు ముందు వస్తుంది. నా దగ్గర గలగలా వాగుతాడు. బుద్ధెరిగాక నాతో ఒక్క మాట తడబడింది లేదు." బల్ల అంచు పట్టుకుంది. "వాడు బతికున్నాడో లేదో చెప్పండి. నాకు ఇంకేమీ వద్దు."

ఎప్పుడూ లేనిది ఆవిడకి మాట ఇచ్చేశాను, తప్పకుండా చెబుతానని. మా వృత్తిలో అలా మాట ఇవ్వకూడదు. కానీ ఆవిడ నా మొహం తప్ప ఇంకెటూ చూడకుండా కూర్చుంటే నోరు ఊరుకోలేదు.

మెత్తనాయన నా మాటకి నొచ్చుకోలేదు. నొచ్చుకోకపోవడం ఆయన ఉద్యోగం. "మీ బాధ నాకు అర్థమవుతోంది మేడమ్. ఏం చూడాలనుకుంటే అది చూడండి. ఇక్కడ దాపరికాలు లేవు. మా సెక్యూరిటీ చీఫ్ మీ వెంట ఉంటారు," అన్నాడు. చెయ్యి కలిపితే అది కూడా మెత్తగా, వెచ్చగా ఉంది. బయటికి వచ్చాక చెయ్యి చీర చెంగుకి తుడుచుకున్నాను. ఎందుకంటే ఏమో చెప్పలేను.

ఆ చీఫ్ ఎవరో చూడగానే నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమ్మా జిడ్డూ! ఇంకా ఈ పని వదల్లేదా?"

పోలీసు శాఖలో ఉన్నప్పుడు ఆయన నా పై అధికారి. పట్టుకున్న కేసు వదలనని నాకు జిడ్డు అని పేరు పెట్టిన మహానుభావుడు కూడా ఆయనే. రిటైరై ఇక్కడ చేరినట్టున్నాడు. మొలకి పెద్ద తాళాల గుత్తి, చేతిలో వాకీటాకీ. ముందు తాళాలు వస్తాయి, తర్వాత బొజ్జ వస్తుంది, ఆ తర్వాత ఆయన వస్తాడు. ఇక్కడందరికీ ఆయన తాళాల సారు.

"మీరు మాత్రం వదిలారా సార్, సలాములు కొట్టించుకోవడం?"

"నోటి దురుసు ఇంకా తగ్గలేదన్నమాట. రా, చూపిస్తా. చూసి, నోరు మూసుకుని ఇంటికి వెళ్దువుగాని."

కెమెరాల గదిలో టీవీ ముందు నన్ను కూర్చోబెట్టి గురువారం సాయంత్రం రికార్డింగు పెట్టాడు. షిఫ్టు వదిలాక హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు గేటు దగ్గర కార్డు గీకాడు. పాత మోటార్ సైకిల్ ఎక్కాడు. వెళ్ళిపోయాడు.

"అతని కార్డు, అతని బండి. తన దారిన తను పోయాడు. ఇంకేం కావాలి?" అన్నాడు తాళాల సారు.

"మొహం కావాలి సార్."

"హెల్మెట్ పెట్టుకున్నాక మొహం ఎక్కడ కనబడుద్ది? కార్డు చెప్పడం లేదూ?"

"మళ్ళీ వెయ్యండి."

రెండోసారి బండి మాత్రమే చూశాను. ఆ మనిషి కిక్కు కొట్టాడు. పలకలేదు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. చివరికి వాచ్‌మన్ వచ్చి వెనకనుంచి తోస్తే అప్పుడు కదిలింది.

"వాళ్ళక్క నాకు ఒక మాట చెప్పింది," అన్నాను. "ఆ బండి వాళ్ళ నాన్నది. కిక్కు కొట్టే ముందు ఎడం పక్కకి వంచి ఒక ఊపు ఊపాలట. చిన్నోడు నిద్రలో కూడా అలాగే చేస్తాడట. మరి ఈయనెవరో ఊపకుండా తన్నుతున్నాడు. సొంత బండి సంగతి గురువారం ఒక్కరోజు మర్చిపోయాడా?"

"బండ్లన్నాక మొరాయిస్తాయి."

"బయటికి వెళ్ళింది కార్డు, హెల్మెట్, బండి. మనిషి వెళ్ళాడని మీ కెమెరా చెప్పడం లేదు సార్. మీరు చెబుతున్నారు."

ఆయన మొహం కందగడ్డ అయింది. వాచ్‌మన్‌లు ఇద్దరు అక్కడే ఉన్నారు, అది ఇంకా మంట. "నా గేటు దాటి చీమ పోయినా నాకు తెలుస్తుంది. నువ్వొచ్చి నాకు పాఠాలు చెప్పేదేంటి? ఇంకో గంట చూస్తా. ఆ తర్వాత కూడా ఇక్కడ కనబడ్డావంటే గేటు బయటికి నేనే సాగనంపుతా."

"గంట చాలు. గురువారం షిఫ్టు వదిలేముందు అతన్ని ఎవరైనా పిలిచారా?"

"హెచ్చార్ వాళ్ళు పిలిచారు. మూడో అంతస్తు, రిహార్సల్ గదికి."

"ఇక్కడ నాటకాలు కూడా వేస్తారా?"

తాళాల సారు నవ్వాడు. నేను వచ్చాక ఆయనకి దొరికిన మొదటి గెలుపు అది. లిఫ్టులో వెళ్తూ చెప్పాడు. ఈ కంపెనీలో ఎవరికైనా కష్టమైన మాట చెప్పాలంటే, ఉద్యోగం పోయిందనో, ప్రమోషన్ రాలేదనో, ముందు ఆ గదిలో రిహార్సల్ చెయ్యాల్సిందే. చెప్పే మేనేజరు ఒక కుర్చీలో కూర్చుంటాడు. వినాల్సిన మనిషిలాగా హెచ్చార్ నుంచి ఒకావిడ ఎదురుకుర్చీలో కూర్చుంటుంది. ఏడుస్తుంది, తిడుతుంది, బతిమాలుతుంది. మేనేజరు తడబడకుండా చెప్పడం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తారు. రిహార్సల్ లేకుండా ఒక్క మాట కూడా మనిషి చెవిన పడకూడదన్నది మెత్తనాయన పెట్టిన నియమం. తనకి కూడా మినహాయింపు లేదు.

"అంటే ఇక్కడ మనిషికి తెలిసేముందే వాడి ఏడుపు ఇంకొకరు ఏడ్చేస్తారు," అన్నాను.

"అలా అంటే వినడానికి బాలేదు గానీ, అంతే," అన్నాడు.

మూడో అంతస్తు నడవాలో మెత్తటి తివాచీ. ఇద్దరం నడుస్తుంటే తాళాలు తప్ప మా అడుగుల చప్పుడు మాకే వినబడలేదు. రిహార్సల్ గదికి కిటికీ లేదు, గోడకి గడియారం లేదు. మేనేజరు చూపు గడియారం మీదికి పోకూడదని తీసేశారట. రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల. కుర్చీ కాళ్ళు ఎక్కడ ఆనాలో తివాచీ మీద తెల్ల టేపుతో గుర్తులు. తలుపు దగ్గరి కుర్చీ మేనేజరుది, చెప్పగానే లేచి వెళ్ళిపోవడానికి వీలుగా. రెండోది గోడకి ఆనుకుని ఉంది. అందులో కూర్చున్న మనిషి బయటికి పోవాలంటే ఎదుటివాణ్ణి దాటుకునే పోవాలి.

నేను ఆ రెండో కుర్చీ ముందు వంగాను. చేతుల మీద గుడ్డ శుభ్రంగా ఉంది. కింది వైపు వేళ్ళు పోనిచ్చి తడిమితే గుడ్డ చిరిగి ఉంది, గోళ్ళతో రక్కినట్టు గాట్లు. కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు. వాటిలో నా వేళ్ళు పెట్టి చూశాను. ఎంతోమంది కూర్చుని ఉంటే గాట్లు ఎడాపెడా ఉండాలి. ఇవి అలా లేవు. అన్నీ ఒకే మనిషివి, ఒకే చోట పడ్డవి, ఏళ్ళ తరబడి లోతైనవి.

"అవి నావే మేడమ్," అంది వెనకనుంచి ఒక గొంతు.

గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. ఒకసారి చూసి కళ్ళు మూసుకుంటే ఆవిడ మొహంలో ఒక్కటీ గుర్తుండదు, అలాంటి మొహం. ఒకప్పుడు నాటకాల్లో వేసేదట. ఇక్కడ అందరూ ఆవిడని ఎదురుకుర్చీ అంటారు. ఎదురుకుర్చీ సెలవు పెట్టిందా, ఎదురుకుర్చీ టీ తాగిందా, అలాగే మాట్లాడతారు.

"ఇన్నేళ్ళలో ఎంతమందిని చేశారమ్మా?"

"లెక్క పెట్టుకోలేదు. పొద్దున ఒక డ్రైవరు, మధ్యాహ్నం ఒక గుమస్తా. ఇంటికి వెళ్ళాక అద్దంలో చూసుకుంటే ఒక్కోరోజు కాసేపు ఎవరో తెలీదు." తాళాల సారు వైపు తిరిగింది. "మిమ్మల్ని కూడా చేశాను సార్. రెండుసార్లు. పోయిన ఏడాది మిమ్మల్ని తీసేద్దామనుకున్నారు. మీరు బొజ్జ మీద చెయ్యి వేసుకుని, కొడుకు చదువు గురించి మొదలుపెడతారని చేసి చూపించాను. దాంతో ఆగిపోయారు."

తాళాల సారు చెయ్యి అప్పటికే బొజ్జ మీద ఉంది. తీసేశాడు. తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. నవ్వు రావాల్సిన చోట నాకు నవ్వు రాలేదు.

నాకు అక్కడ ఒక ఆలోచన వచ్చింది, ఆ ఆలోచన నాకే నచ్చలేదు. చిన్నోడు గొంతుతో అక్కకి ఫోన్ చేసింది చిన్నోడు కాదేమో. అతన్ని ఆఫీసులో మాత్రమే చూసిన మనిషి చేస్తే, ఆఫీసులో వచ్చే నత్తితోనే మాట్లాడుతుంది కదా. అదే నిజమైతే అక్కకి నేను తీసుకెళ్ళే కబురు మంచిది కాదు.

"గురువారం రాత్రి అతని అక్కకి ఫోన్ చేసింది మీరేనా?"

"నేనా? నేనెందుకు చేస్తాను?"

"నీళ్ళు నమలకండి. అతనిలా మాట్లాడి చూపించండి."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. భుజాలు ముందుకి పడ్డాయి, మెడ పొట్టిదైంది, కళ్ళు బల్ల అంచుని వెతికాయి. నా ఎదురుగా నిజంగా ఒక కుర్రాడు భయపడుతూ కూర్చున్నట్టే ఉంది. తర్వాత నోరు తెరిచింది. సన్నగా, కీచుగా, ఆడగొంతే. నాలుగేళ్ళ పిల్ల కూడా మోసపోదు.

"గొంతు నా వల్ల కాదు మేడమ్. నాటకాల్లోనూ అంతే, మగవేషం ఇచ్చేవాళ్ళు కాదు. మనిషి ఎక్కడ విరుగుతాడో పట్టుకుంటాను, అంతవరకే నా పని."

అబద్ధం కాదు. అంటే ఫోన్లో మాట్లాడింది చిన్నోడే. నత్తి వచ్చిందంటే పక్కనే ఒక ఆఫీసరు నిలబడి ఉన్నాడు. గురువారం రాత్రికి ఆ కుర్రాడు ఊపిరితో ఉన్నాడు. నాకు అక్కడే ఆవిడ చేతులు పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

"గురువారం ఇక్కడికి ఎందుకు వచ్చాడు?"

ఆవిడ తాళాల సారు వైపు చూసి తల దించుకుంది.

"చెప్పమ్మా," అన్నాడు తాళాల సారు. ఆయన గొంతులో ఇప్పుడు దర్పం లేదు. "నన్ను తీసేద్దామనుకున్నది చెప్పగా లేనిది, ఇది చెప్పలేవా?"

"పోయిన నెల ఒకటో నంబరు గదిలో సరుకు పేర్చే ఇనప ర్యాక్ కూలి ఒక లోడింగ్ మనిషి పోయాడు కదా. ఆయన భార్యకి కబురు చెప్పే పని ఈ సూపర్‌వైజరు మీద పెట్టారు. రిహార్సల్ ఇక్కడే చేశాం. నేను ఆ భార్యని. మూడుసార్లు చేశాక గానీ అతనికి మాట రాలేదు." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "పోయిన బుధవారం నా దగ్గరికి వచ్చి ఒక మాట అడిగాడు. అక్కా, మనం రిహార్సల్ చేస్తున్నప్పుడు ఆయన ఇంకా బతికే ఉన్నాడు కదా, అని."

నేను బల్ల మీదికి వంగాను.

"ఆ రోజు రిహార్సల్ ఎప్పుడు జరిగింది?" అన్నాను.

"భోజనం బెల్లు కొట్టకముందే అయిపోయింది."

తాళాల సారు గోడకి ఆనుకున్నాడు. "అంబులెన్స్ వచ్చింది భోజనం బెల్లు కొట్టాక," అన్నాడు నెమ్మదిగా. "గేటు నేనే తీశాను. స్ట్రెచరు కూడా ఒక పక్క నేనే పట్టుకున్నాను. ఎక్కించేటప్పుడు అతని కాలు కదిలింది జిడ్డూ. నేను చూశాను. చూసి, నా భ్రమ అనుకున్నాను."

ఆ మనిషిని నేను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. ఆ నిమిషంలో మాత్రం జాలి వేసింది. బతికి బయటపడితే ర్యాక్ ఎందుకు కూలిందో ఆ లోడింగ్ మనిషే చెప్పేవాడు. అందుకని ఇక్కడ ముందు భార్యకి చెప్పాల్సిన మాటలు సాధన చేసుకున్నారు, తర్వాత అంబులెన్స్‌ని పిలిచారు.

"అతను అడిగింది మీరు ఎవరితో అన్నారు?"

"మా సారుతోనే. అతను బాగా కలత పడుతున్నాడు, కాస్త సెలవిస్తే బాగుంటుందని చెప్పాను. ఆ ప్రమాదం మీద విచారణకి కార్మిక శాఖవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళకి చెబుతానంటున్నాడని కూడా చెప్పాను." ఆవిడ పెదాలు వణికాయి. అది నటన కాదు, ఎందుకంటే బాగా రాలేదు. "మంచే చేస్తున్నాననుకున్నాను మేడమ్. సారు చాలా బాధపడ్డారు. గురువారం పిలిచి మాట్లాడతానన్నారు."

"మాట్లాడాక?"

"నన్ను బయటికి పంపేశారు."

నేను మళ్ళీ గది చూశాను. ఇక్కడ ఇంకేం దొరకదు. మెత్తనాయన చెయ్యి తగిలిన ఏ వస్తువు మీదా గుర్తు మిగలదు. అలాంటివాడు ఒక్క తప్పు ఎక్కడైనా చేసి ఉంటే, అది తన అలవాటులోనే చేసి ఉండాలి.

"ఆ తర్వాత ఆయన మీతో రిహార్సల్ ఏమైనా చేశాడా? ఆయనే, స్వయంగా?"

"ఈరోజు పొద్దున చేశారు."

"మీరు ఎవరిని చేశారు?"

"ఒక అక్కని. తమ్ముడు ప్రమాదంలో పోయాడని కబురు. ఎవరి అక్కో నాకు చెప్పలేదు, ఎవరని నేను అడగను, అది నియమం. స్వభావం మాత్రం చెబుతారు. తల్లిదండ్రులు లేరు, పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడే లోకం, పళ్ళ ల్యాబ్‌లో..."

ఆవిడ నా మొహం చూసి ఆగిపోయింది.

అంటే చచ్చిపోయాడన్నమాట. ఇచ్చిన మాట మోసుకుంటూ ఆవిడ ముందుకి ఎలా వెళ్ళాలి? తాళాల సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు.

"ఆయన అన్న మాటలు చెప్పండి," అన్నాను. "ఉన్నవి ఉన్నట్టు."

ఆవిడ లేచి, మేనేజరు కుర్చీలోకి మారింది. వెన్ను నిటారైంది, తల కాస్త పక్కకి వాలింది, చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. మెత్తనాయన వచ్చి కూర్చున్నాడు.

"మీ తమ్ముడు ఎందుకో మాకెవరికీ చెప్పకుండా తిరిగి వచ్చాడమ్మా. వెనక దారిన మూడో నంబరు కోల్డ్ రూములోకి వెళ్ళాడు. లోపల ఉన్నాడని ఎవరికీ తెలీదు. ఇవాళ సాయంత్రం ఆరు గంటలకి తలుపు మూసుకుపోయింది."

"ఇంకోసారి," అన్నాను.

"ఇవాళ సాయంత్రం ఆరు గంటలకి తలుపు మూసుకుపోయింది." ఆవిడ తల ఎత్తింది, మళ్ళీ తనే అయింది. "రెండుసార్లు అలాగే అన్నారు. నేను ఏడుపు మీద ధ్యాసలో ఉన్నాను. అయిపోయాక నడవాలోకి వచ్చి గడియారం చూస్తే ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. నిన్న సాయంత్రం అనబోయి నోరు జారారనుకున్నాను."

నోరు జారలేదు. రిహార్సల్‌లో అసలు మాటలే పలకాలన్నది ఆయన నియమం, ఆయనే పెట్టుకున్నది. ఎదుటి మనిషికి చెప్పేటప్పుడు తడబడకూడదు కదా.

నా ఫోన్ తీసి చూశాను. ఐదూ నలభై.

"ఆరింటికి మూడో నంబరులో ఏమవుతుంది?" అన్నాను తాళాల సారుతో.

"షిఫ్టు మారుతుంది. తలుపు బయటినుంచి బిగించి పెద్ద ఫ్యాన్లు వేస్తారు. తెల్లారేదాకా ఎవరూ తియ్యరు. లోపల మనిషి ఉంటే..." మాట మింగేశాడు. "దాని వెనక పాత గార్డు గది ఒకటుంది. గురువారం ఆ తాళం హెచ్చార్ సారు అడిగి తీసుకున్నారు. ఇంకా తిరిగివ్వలేదు. ఆ గదిలోంచి బయటికి రావాలంటే వేరే దారి లేదు, మూడో నంబరు మధ్యలోంచే నడిచి రావాలి."

అన్నీ ఒకేసారి కళ్ళకి కట్టాయి. కుర్రాణ్ణి ఎవరూ ఈడ్చుకెళ్ళనక్కరలేదు. మీ అక్క వచ్చింది, బయటికి రా అని ఆరు కాబోతుండగా ఆ హెల్మెట్ మనిషి చేతే తాళం తీయించి ఒక్క మాట చెప్పిస్తే చాలు, తనంతట తనే ఆ గదిలోకి అడుగుపెడతాడు.

తాళాల సారు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని కోల్డ్ సెక్షన్‌ని పిలిచాడు. గరగరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆ ఇనప గోడల్లోకి అది ఎప్పుడూ పలకదట. మళ్ళీ పిలవబోతుంటే గేటు నుంచి మాట వచ్చింది.

"సార్, మన సూపర్‌వైజరు గారి అక్కట, వచ్చారు. హెచ్చార్ సారు రమ్మన్నారట. సారే కిందికి దిగి వచ్చి లిఫ్టులో పైకి తీసుకొస్తున్నారు, రిహార్సల్ గదికి."

ఆరు గంటలకి ఆయన ఎక్కడున్నాడని రేపెవరైనా అడిగితే, చనిపోయినవాడి అక్క ఎదురుగానే కూర్చున్నాడని ఆ అక్కే చెబుతుంది. సాక్షిని వెతుక్కుంటూ ఆయన ఎక్కడికీ పోలేదు, ఆవిడనే పిలిపించుకున్నాడు.

"వాణ్ణి ఇక్కడే పట్టుకుంటా, గొంతు పిసికి నిజం కక్కిస్తా," అన్నాడు తాళాల సారు. మొహం ఎర్రబడిపోయింది.

"ఆయన మీకు మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ ఆరు దాటించేస్తాడు. పదండి, మెట్ల మీదుగా."

"నేనేం చెయ్యాలి మేడమ్?" అంది ఎదురుకుర్చీ. గది మధ్యలో, రెండు కుర్చీలకీ మధ్య, ఎటు కూర్చోవాలో తెలియనట్టు నిలబడి ఉంది.

"ఆవిడ వస్తుంది. పక్కన కూర్చో. ఎదురుగా కాదు, పక్కన. చెయ్యి పట్టుకో, వదలకు. ఏమీ చెప్పకు."

నడవా చివర మెట్ల తలుపు తోసి తాళాల సారు ముందు దిగాడు. గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. నేను తలుపు మూసుకోకుండా ఒక్క క్షణం పట్టుకున్నాను. లిఫ్టు తెరుచుకుంది. సందులోంచి ఆవిడ కనబడింది. పొద్దున కట్టుకున్న చీరే, భుజాన ల్యాబ్ సంచీ, పనిలోంచి తిన్నగా వచ్చేసినట్టుంది.

"చిన్నోడు దొరికాడా సార్? దొరికాడనేగా రమ్మన్నారు?" అంది. గొంతు నిండా ఆశ.

"ముందు వచ్చి కూర్చోండమ్మా," అన్నాడాయన, ఎంతో మెత్తగా. "తొందరేం లేదు. ఆరు దాటాక మాట్లాడుకుందాం."